ఒకటో తారీకు దాకా ఆగమన్నాను

జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు విమానం టికెట్లు కొట్టి, పోయిన ఏడాది రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే ఇప్పటి పిల్లలు రెండు ప్రశ్నలు అడుగుతారు. మన ఊళ్ళో పెద్ద విమానాలే దిగవు కదా ఆంటీ, మీరేం అమ్మేవారు అని ఒకటి. ఫోన్లోనే టికెట్లు దొరుకుతుంటే మీ దగ్గరికి ఎవరొచ్చేవారు అని రెండోది. మొదటిదానికి జవాబు సులువు. రాంచీలో దిగుతాయి, కలకత్తాలో దిగుతాయి, జంషెడ్‌పూర్ జనం అక్కడికి పోయి ఎక్కుతారు. రెండోదానికి జవాబు చెప్పాలంటే మాత్రం నా గొప్పలు కొంచెం చెప్పుకోవాలి. చెప్పుకుంటాను. నా వల్ల జరిగిన నష్టమంతా ఆ గొప్పల దగ్గరే మొదలైంది మరి.

టికెట్ మీద ధర మీకు ఒకటే అంకెగా కనబడుతుంది. మేము దాన్ని విప్పి చూస్తాం. పైన అసలు ఛార్జీ, దాని కింద ఇంధనం సర్‌ఛార్జీ, ఆ కింద విమానాశ్రయం వాళ్ళవి, ప్రభుత్వం వాళ్ళవి. ఎక్కడో యుద్ధం వచ్చి చమురు ధర ఎగిసిందనుకోండి, కంపెనీలు పైనున్న అసలు ఛార్జీ జోలికి పోకుండా ఆ రెండో వరసను పెంచేస్తాయి. చమురు తగ్గితే అదీ తగ్గాలి. తగ్గాలన్నది మన లెక్క. ముడి చమురు ధర పేపర్లో రోజూ మారుతుంది. విమానాలకు పోసే ఇంధనం ధర మన దేశంలో నెలకొకసారి, ఒకటో తారీకున మారుతుంది. ఆ తర్వాత సర్‌ఛార్జీ తగ్గిస్తున్నామని కంపెనీ సర్క్యులర్ పంపడం వాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు జరుగుతుంది. ఈ మూడింటికీ మధ్య ఎన్ని రోజులు పడుతుందో పేపరు చూసి చెప్పగలనని నాకో నమ్మకం.

నమ్మకం ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట మా ఊరి అగ్రికో కాలనీ నుంచి ఒక తెలుగు కుటుంబం, పద్నాలుగు మంది, హైదరాబాదులో పెళ్ళికి టికెట్లు కావాలని వచ్చారు. చమురు పడిపోతోంది, పది రోజులు ఆగండి అన్నాను. ఆగారు. పది రోజుల్లో సర్‌ఛార్జీ సగానికి సగం పడింది. ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు గురించి ఎంత చెప్పుకున్నారో నా గురించి అంత చెప్పుకున్నారట. అప్పట్నుంచి మన తెలుగువాళ్ళు టికెట్ ఎక్కడ కొన్నా, ఎప్పుడు కొనాలో అడగడానికి నా కౌంటర్‌కి వచ్చేవారు. నా పక్క కౌంటర్లో కూర్చునే తెలుగు పిల్ల ఒకతె ఉండేది. ఇంట్లో తెలుగు, నోట్లో హిందీ. అది నాకు ‘ఆయిల్ ఆంటీ’ అని పేరు పెట్టింది. పైకి కసురుకునేదాన్ని కానీ లోపల మహా సంతోషంగా ఉండేది.

మా ఆఫీసులో ఇంకో మనిషి గురించి చెప్పాలి. మా డెలివరీ తమ్ముడు. నిజంగా తమ్ముడేం కాడు, అక్కా అని పిలిచేవాడు, అంతే. తాత విజయనగరం జిల్లా నుంచి ఉక్కు కార్ఖానాలో పనికొచ్చాడు. తండ్రి కాంట్రాక్టు కూలీగానే పోయాడు. ఇతనికి కంపెనీ ఉద్యోగం దొరకలేదు, మా ఆఫీసులో సైకిలు దొరికింది. కాగితం టికెట్ల కాలంలో ఊరంతా తిరిగి ఇంటింటికీ టికెట్లు ఇచ్చి వచ్చేవాడు. టికెట్లు ఫోన్లలోకి పోయాక పాస్‌పోర్ట్ కవర్లు, చెక్కులు, బ్యాంకు పనులు అతనికి మిగిలాయి. ఇన్ని వేల టికెట్లు మోసినవాడు విమానం ఎక్కలేదు. భార్య కూడా ఎక్కలేదు. అగ్రికోలో ఒక క్వార్టర్ వెనకాల ఔట్‌హౌస్ గది అద్దెకు తీసుకుని ఉండేవారు. పిల్లలు లేరు. అతని భార్య నన్ను వదినా అనేది, ఏటా వేసవిలో నాకు బెల్లం ఆవకాయ పంపేది.

ఇది జరిగింది నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు. ఆ అమ్మాయికి కామెర్లన్నారు, కాదన్నారు, చివరికి పిత్తాశయం దగ్గర గడ్డ ఉందని తేల్చారు. ఇక్కడి డాక్టరు రాయవెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. మా ఊళ్ళో పెద్ద జబ్బంటే రాయవెల్లూరే. మరుసటి నెల తొమ్మిదో తారీకుకి అక్కడి పెద్ద డాక్టరు దగ్గర నంబరు దొరికింది.

మా మాలిక్, అంటే ఆఫీసు యజమాని, పిసినారి అని అందరం అనుకునేవాళ్ళం. ఆ సంగతి విన్న రోజున మాత్రం ఒక మంచి పని చేశాడు. బాగా అమ్మినందుకు ఒక విమానం కంపెనీ మా ఆఫీసుకి ఏటా రెండు ఫ్రీ టికెట్లు ఇచ్చేది. ఎప్పుడూ వాళ్ళ అత్తవారింటికి పోయే ఆ రెండూ తీసి, పాతికేళ్ళ నౌకరీకి ఇది నా తరఫున అని తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే వద్దని వారించాడు.

ఫ్రీ అంటే ఏమిటో తెలుసా మీకు? అసలు ఛార్జీ ఒక్కటే ఫ్రీ. ఇంధనం సర్‌ఛార్జీ మొత్తం కట్టుకోవాలి. ఆ నెలల్లో చమురు మండిపోయి ఉంది, సర్‌ఛార్జీ అసలు ఛార్జీని దాటిపోయింది. అంటే చేతిలో ఉన్నది పేరుకే ఫ్రీ. ఆ సంగతి చెప్పడానికి ఆదివారం పొద్దున్న వాళ్ళ గదికి వెళ్ళాను.

ఆ అమ్మాయి మంచం మీద గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. నన్ను చూసి లేవబోయింది.

“లెగకే తల్లీ, పడుకో.”

“తొంగుంటే నొప్పి ఒదినా. కూకుంటే నొప్పి. ఏ పక్కకి తిరిగినా నొప్పే.” తర్వాత నవ్వింది. “ఇమానంలో ఎంతసేపు కూకోవాల?”

“రాంచీ నుంచి చెన్నైకి రెండున్నర గంటలు.”

“అంతేనా! ఓలమ్మో, అయితే ఓర్సుకుంతాను. రైల్లో అయితే ఒకటిన్నర రోజు. అది నా వొల్ల కాదొదినా. ముందే సెప్తన్నాను.”

ఈ మాట ఆమె నాతో స్పష్టంగా చెప్పింది. నేను విన్నాను. దీన్ని ఎక్కడా దాచుకోను.

ఆఫీసుకొచ్చి సీట్లు చూశాను. ఫ్రీ టికెట్లకి కంపెనీ ఒక్కో విమానంలో నాలుగైదు సీట్లే వదులుతుంది. ఏడో తారీకు విమానంలో రెండు దొరికాయి. డబ్బు కట్టకుండా కొద్ది రోజులు పట్టి ఉంచుకునే వీలు మాకుంటుంది. పట్టి ఉంచాను. ఇరవై ఎనిమిది సాయంత్రం ఆరు లోపల టికెట్ కొట్టాలి. లేకపోతే వాటంతట అవే వదిలిపోతాయి.

ఇరవై ఎనిమిది మధ్యాహ్నం తమ్ముడు సాక్చి నుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి నా కౌంటర్ ముందు నిలబడ్డాడు. డబ్బు తెచ్చాడు.

“కొట్టీమంతావేటక్కా?”

నేను అప్పటికి మూడు వారాలుగా పేపరు చూస్తున్నాను. ముడి చమురు రోజు రోజుకీ దిగుతోంది. ఒకటో తారీకున విమానం ఇంధనం ధర తగ్గుతుందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. అది తగ్గితే సర్‌ఛార్జీ తగ్గుతుంది. మిగిలింది రాయవెల్లూరులో మందులకు పనికొస్తుంది. ఇదీ నా ఆలోచన. చెడ్డ ఆలోచనేం కాదు. కానీ దాని అడుగున ఇంకోటి ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. మళ్ళీ నా మాట నిజమవ్వాలని, నలుగురూ చెప్పుకోవాలని.

“మూడు రోజులు ఆగరా” అన్నాను. “ఒకటో తారీకు రానీ. రాసిస్తాను, తగ్గుతుంది.”

“సీట్లు ఉంతాయేటి?”

“ఈ రోజుల్లో చెన్నైకి ఎవరెళ్తారురా? ఉంటాయి.”

పక్క కౌంటర్ పిల్ల కుర్చీ ఇటు తిప్పింది. “ఆంటీ, హోల్డ్ మత్ ఛోడియే. టికెట్ కాట్ దీజియే.” పట్టి ఉంచినవి వదలొద్దు, టికెట్ కొట్టెయ్యండి అని. అక్కడితో ఆగలేదు. “చఢ్తా హై తో ఉసీ దిన్. ఉతర్తా హై తో ఉన్‌కీ మర్జీ సే.” పెంచేటప్పుడు ఆ రోజే పెంచుతారు, తగ్గించడం వాళ్ళ ఇష్టం వచ్చినప్పుడు తగ్గిస్తారు అంది.

నాకు ఒళ్ళు మండింది. “నువ్వు పుట్టకముందు నుంచి టికెట్లు కొడుతున్నానే నేను. నాకు చెప్పొచ్చావా?”

ఆ పిల్ల కుర్చీ మళ్ళీ అటు తిప్పేసుకుంది. తమ్ముడు మా ఇద్దరినీ చూశాడు. “అక్క సెప్తే సరే” అని డబ్బు జేబులో పెట్టుకున్నాడు. ఆరు గంటలకు రెండు సీట్లూ వదిలిపోయాయి. ఆ వదిలిపోవడం తెర మీద చూస్తూనే ఇంటికి బయల్దేరాను, దిగులేమీ లేకుండా.

ఒకటో తారీకు పొద్దున్న పేపరు తెరిస్తే నా మాటే నిజం. విమానం ఇంధనం ధర తగ్గింది, బాగా తగ్గింది. ఆ పేపరు మడిచి సంచిలో పెట్టుకుని, దారిలో అందరికీ సింఘాడాలు, అదే సమోసాలు, కొనుక్కుని ఆఫీసుకి వెళ్ళాను. ఇది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. తమ్ముడికి రెండు సింఘాడాలు ఇచ్చి, “చూశావట్రా?” అన్నాను. అతను నవ్వి, ఒకటి తిని ఒకటి కాగితంలో చుట్టుకున్నాడు, ఇంటికి. ఆ అమ్మాయి అప్పటికి నూనె వాసన కూడా ఓర్చుకోలేదని అతనికి తెలియదా? తెలుసు. అయినా చుట్టుకున్నాడు.

పదకొండయింది, సర్క్యులర్ లేదు. ఒంటిగంటయింది, లేదు. రాంచీలో ఆ కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నాకు పదేళ్ళుగా తెలిసిన మనిషి. “ఇంధనం తగ్గింది కదా, మీ సర్‌ఛార్జీ ఎప్పుడు తగ్గిస్తారు?” అని హిందీలో అడిగాను. అతను పెద్దగా నవ్వాడు.

“తేల్ సస్తా హువా హై మేడమ్. హమ్ నహీఁ.”

చమురు చవకైంది, మేము కాలేదు అని. ఇంకెప్పుడైనా అయితే నేనూ నవ్వేదాన్నే.

రెండో తారీకు కూడా రాలేదు. సరే, పాత ధరకే కొట్టేద్దామని సీట్లు తెరిచాను. ఏడో తారీకున ఫ్రీ సీటు ఒక్కటీ లేదు. ఆరున లేదు, ఎనిమిదిన లేదు. చెన్నై వైపు కాలేజీల్లో చేరే పిల్లలు, వాళ్ళ వెంట అమ్మానాన్నలు, అందరూ ఆ వారమే బయల్దేరారు. ఎవరెళ్తారు అన్నాను చూడండి, వాళ్ళే. డబ్బు పెట్టి కొనే సీట్లు నాలుగో ఐదో ఉన్నాయి. వాటి ధర చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే ధర.

తమ్ముణ్ణి పిలిచి చెప్పాను. “నేను కొంటానురా. నా తప్పు.”

“ఏటక్కా ఆ మాట? నీ తప్పేటుంది? ఒద్దొద్దు. రైలుంది గదా.”

“ఆ అమ్మాయి రైల్లో కూర్చోలేదురా.”

“తొంగోపెట్టి తీసుకెల్తాను. కింద బెర్తు దొరికితే సాలు.”

నేను ఒక్కసారి అడిగాను. అతను వద్దన్నాడు. మళ్ళీ అడగలేదు. మూడుసార్లు అడిగి, తిట్టి, అతన్ని అడక్కుండా టికెట్ కొట్టి చేతిలో పెట్టి ఉంటే ఏం చేసేవాడు? తీసుకునేవాడు. ఆ ధర నాకు కూడా భారమే, కాదనను. కానీ మోయలేనంత భారం కాదు. ఆ ఒక్కసారితో నా బాధ్యత తీరిందనుకున్నాను. పిల్లలూ, మీలో ఎవరైనా రేపు ఏ కౌంటర్లో కూర్చున్నా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఎదుటివాళ్ళ సొమ్ము ఆదా చేస్తున్నామని మురిసిపోయే ముందు, వాళ్ళు వచ్చింది ఆదా కోసమా అని అడగండి. అతను డబ్బు తెచ్చుకుని వచ్చాడు. ఆదా చేసిపెట్టమని నన్నెవరూ అడగలేదు.

ఐదో తారీకున టాటానగర్ స్టేషన్‌కి వెళ్ళాను. తత్కాల్‌లో కింద బెర్తు ఒకటి, పై బెర్తు ఒకటి దొరికాయి. ఆ అమ్మాయిని బెర్తు మీద పడుకోబెట్టి, తల కింద దిండు సర్దాను. నా ముఖం చూసి ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వేటి సేత్తావు ఒదినా, ఆ రేటు నీ సేతిలో ఉందేటి? ఎల్లీటప్పుడు రైలు. వచ్చీటప్పుడు ఇమానం. ఈలోగా తగ్గిపోద్ది, నువ్వు సెప్పినావు గదా.”

రైలు కదిలింది. నేను ప్లాట్‌ఫారం మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరో కూలీ వచ్చి, మాయీ, ఏ బండి కోసం అని అడిగాక లేచాను.

ఆ రైలు విజయనగరం మీదుగా పోతుంది. అక్కడ ఆమె చెల్లెలు ఉంది. ఏడో తారీకున తమ్ముడు ఫోన్ చేశాడు. విజయనగరంలో దిగిపోయామక్కా అన్నాడు. ఇంకేమీ సరిగ్గా చెప్పలేకపోయాడు. అక్కడి ఆసుపత్రిలో సెలైన్ పెట్టారని, ఇప్పుడు కదపొద్దన్నారని, అంతే. తొమ్మిదో తారీకు రాయవెల్లూరులో ఆమె నంబరు వచ్చి పోయి ఉంటుంది.

పన్నెండో తారీకు మధ్యాహ్నం మా ఆఫీసు ప్రింటర్ ఒక కాగితం కక్కింది. ఇంధనం ధర తగ్గినందున సర్‌ఛార్జీ సగానికి పైగా తగ్గిస్తున్నామని కంపెనీ సర్క్యులర్. పక్క కౌంటర్ పిల్ల దాన్ని తీసి చదివి, నా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నన్ను ఆయిల్ ఆంటీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. కాగితం సొరుగులో పెట్టాను. ఫోన్ తీశాను, ఏం చెప్పాలో తోచక పెట్టేశాను. పదిహేనున ఆ అమ్మాయి పోయింది.

నెల తిరిగాక తమ్ముడు పనిలోకి వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగ్గా మొలవలేదు. మాలిక్ భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయాడు. అతను తిన్నగా నా కౌంటర్ దగ్గరకొచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఎన్నడూ నా ముందు కుర్చీలో కూర్చోనివాడు.

“రాయగడ దాకా ఎలాగో ఓర్సుకుందక్కా. ఆ తర్వాత ఒకటే కేకలు. బోగీలో అందరూ లెగిసిపోనారు. ఇజీనారం వచ్చీసరికి నన్ను దింపీ అంది. నా సెల్లి కాడ దింపీ, ఇంక నాను రాలేను అంది. దింపీసినాను. రైలెల్లిపోనాది.”

“మంచి పని చేశావురా.”

“రోజూ అడిగీదక్కా. ఒదిన సెప్పిన రేటు తగ్గిందేటి అని. తగ్గితే ఇశాపట్నం నుంచి ఇమానం ఎక్కుదుం అనీది. పదమూడున సెప్పినాను, తగ్గిపోనాదే, అక్క టికెట్టు కొట్టీసింది, సోమారం ఎల్తన్నాం అని. ఆ రేత్రి కాస్త తొంగుంది.”

నేను తల ఎత్తలేదు. అతను పదమూడున ఆమెతో ఆడిన అబద్ధం, అతనికి తెలియదు కానీ, అప్పటికే నిజమై ఒక రోజయింది. ఆ కాగితం నా మోకాలికి తగిలే సొరుగులోనే ఉంది.

మళ్ళీ అతనే అడిగాడు. “ఇంతకీ తగ్గిందేటక్కా?”

ముప్పై ఏళ్ళలో రేటు విషయంలో నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. పొరపాటు చెప్పానేమో కానీ అబద్ధం చెప్పలేదు.

“లేదురా” అన్నాను. “ఇంకా తగ్గలేదు.”

పక్కన టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. నేను ఒకటంటే రెండనే ఆ పిల్ల, నా వైపు ఒకసారి చూసి, తన ముందున్న తెరను అటు తిప్పేసుకుంది. నా మీద కోపంతో తమ్ముడు ఆ కౌంటర్ మీద తల బాదుకుంటే చూడలేనని ఆ అబద్ధం ఆడాను. అతని కోసం అని చెప్పుకోను. నా కోసమే.

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

“అలగైతే పర్వానేదక్కా. ఇంకో వారం ఆగితే రేటు తగ్గీదేమో, ఇమానంలో హాయిగా ఎల్దుమేమో, నాను తొందరపడి రైలెక్కించీసి దాన్ని సంపీసినానేమో అని ఈ నెల్లాళ్ళూ ఒకటే ఏడుపు. తగ్గనేదా? అయితే మంచిదే.”

ఆగమన్నది నేను కదరా అన్న మాట నోటిదాకా వచ్చింది. అతను లేచి, బ్యాగు భుజానికి తగిలించుకుని, ఇవాళ ఎక్కడికి వెళ్ళాలక్కా అని అడిగాడు. సాక్చిలో ఇవ్వాల్సిన కవరొకటి ఉంటే అతని చేతిలో పెట్టాను.